కారు పొగలో వింత వాసన: కారణం పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

ఇంజిన్ బాగా ఉన్న పెట్రోలు కారు వేడెక్కాక సైలెన్సర్ వెనక నిలబడితే దాదాపు ఏ వాసనా రాకూడదు. వెచ్చటి ఆవిరి తగులుతుంది, అంతే. కాబట్టి కుళ్లిన కోడిగుడ్డు కంపో, పచ్చి పెట్రోలు వాసనో, తియ్యటి వాసనో రోజూ తగులుతోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. అలాగని షెడ్డుకు వెళ్లగానే "క్యాట్‌కాన్ పోయింది సార్, మార్చెయ్యాలి" అంటే వెంటనే తలూపకండి. క్యాట్‌కాన్ అంటే పొగలోని విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్. అది తనంతట తాను పాడవడం తక్కువ. దాన్ని పాడుచేసే దోషం దానికి ముందు, ఇంజిన్ వైపు ఎక్కడో ఉంటుంది. ఆ దోషం అలాగే ఉండగా పదుల వేలు పోసి కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా బీఎస్-4, బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాలకు తయారైన పెట్రోలు కార్ల గురించి. డీజిల్, సీఎన్‌జీ బండ్లకు వేరుగా ఉండే సంగతులు చివర్లో ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు: రెండు ప్రమాదాలు

పొగలో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారు లోపల పొగ వాసన వస్తోందంటే దాంతోపాటు ఇదీ వస్తోందనే అనుకోవాలి. కారులో కూర్చున్నాక తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మత్తు మొదలై, దిగి కాసేపు గాలి పీల్చుకుంటే తగ్గుతున్నాయా? ఏసీ పడలేదనో, ఘాట్ మలుపులు పడలేదనో సరిపెట్టుకోవద్దు. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపి అందరూ దిగండి. ఎవరైనా తూలుతున్నా, మాట తడబడుతున్నా 108కి ఫోన్ చేయండి. ఆ కారును షెడ్డుకు నడుపుకుంటూ కాకుండా టోయింగ్ బండి మీద పంపడం మేలు.

ఇంకో మాట. పెద్ద సామాను పట్టలేదని డిక్కీ తలుపు సగం తెరిచి తాడుతో కట్టి నడుపుతుంటారు. కారు ముందుకు పోతుంటే వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. సైలెన్సర్‌లో ఏ లోపమూ లేకపోయినా ఇది జరుగుతుంది. తప్పనిసరైతే ముందు అద్దాలు దించి, ఏసీ ఫ్యాన్‌ను బయటి గాలి తీసుకునే మోడ్‌లో గట్టిగా తిప్పాలి.

రెండో ప్రమాదం పచ్చి పెట్రోలు. కారు ఆపి ఉన్నప్పుడే ఘాటుగా వాసన వస్తున్నా, కింద చుక్కలు పడుతున్నా సెల్ఫ్ కొట్టవద్దు. ఆ కారు దగ్గర బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. దాన్ని తోసి ఆరుబయట పెట్టి మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.

ఇంజిన్ నడిపి చేసే పరీక్షలన్నీ కూడా ఆరుబయటే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు.

అడుగు 1: ఏ వాసన, ఎక్కడ, ఎప్పుడు

పానా పట్టుకోక ముందు చేయాల్సిన పని ఇది. రెండు మూడు రోజులు గమనించి ఫోన్‌లో రాసుకోండి. పొద్దున మొదటి స్టార్ట్‌లో వస్తోందా, వేడెక్కాకా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద తొక్కినప్పుడా? పెట్రోలు కొట్టించిన రోజా? అద్దాలు మూసి, ఏసీ లోపలి గాలి మోడ్‌లో ఉన్నా వస్తోందా? వెనక సైలెన్సర్ దగ్గరా, ముందు బానెట్ దగ్గరా, చక్రాల దగ్గరా?

ఒక చిక్కు ఉంది. ముక్కు అలవాటు పడిపోతుంది. రోజూ నడిపేవారికి సగం వాసన తెలియదు, ఆ కారు ఎక్కని మనిషిని పిలిచి వాసన చూడమనండి. సైలెన్సర్ మూతికి ముఖం ఆనించి పీల్చడం మాత్రం వద్దు. రెండు మూడు అడుగుల దూరం నుంచి చేత్తో గాలిని ముఖం వైపు విసురుకుంటే చాలు.

ఈ గమనింపుతోనే కొన్ని అనుమానాలు తొలగిపోతాయి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు కాస్త పెట్రోలు వాసన రావడం మామూలే. చల్లటి ఇంజిన్‌కు దాన్ని నడిపించే కంప్యూటర్ కావాలనే ఎక్కువ ఇంధనం పోస్తుంది, క్యాట్‌కాన్ ఇంకా పని మొదలుపెట్టదు. అది దాదాపు 250, 300 డిగ్రీల సెల్సియస్ దాటితేనే పనిలోకి దిగుతుంది. చలికాలం ఆదిలాబాద్‌లోనో, లంబసింగిలోనో సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వచ్చి నీళ్లు కారినా కంగారు పడనక్కర్లేదు. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది, అది ఎటో అటు పోవాలి కదా.

అసలు ఆ కంపు మీ కారుదేనా అన్నదీ చూసుకోండి. నాలా పక్కన సిగ్నల్ పడితే ఎవరి కారులోనైనా కోడిగుడ్డు వాసనే వస్తుంది.

అడుగు 2: కుళ్లిన కోడిగుడ్డు వాసన

జనం ఎక్కువగా బెంబేలెత్తేది, షెడ్డులో ఎక్కువ డబ్బు వదిలించేది ఇదే. కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు నిలుద్దాం.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పెట్రోలులో ఉండే గంధకం నుంచి పుడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమ్ముతున్న బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల్లో 10 భాగాలకు మించకూడదు. బీఎస్-4లో 50 దాకా ఉండేది. ఇంత తగ్గాక కూడా వాసన ఎందుకంటే, ఈ వాయువును మన ముక్కు అతి కొద్ది మోతాదులోనే పసిగడుతుంది. పైగా క్యాట్‌కాన్ లోపలి పూత గంధకాన్ని కొంచెం కొంచెంగా పట్టి ఉంచుతుంది. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ ఉన్న మిశ్రమం వచ్చినప్పుడు ఆ నిల్వను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా ఒక్కసారి వదిలేస్తుంది. హైవే మీద గట్టిగా తొక్కి టోల్‌గేట్ దగ్గర ఆగగానే ఒక్క క్షణం వచ్చి పోయే వాసన ఇదే. కొత్త కార్లలో ఇది ఇంకాస్త ఎక్కువ. అంతటితో ఆగితే పట్టించుకోవద్దు.

ఆగకుండా వస్తోందంటే రెండింటిలో ఒకటి.

మొదటిది బ్యాటరీ. పొగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, కానీ వాసన అచ్చం అదే. ఛార్జింగ్ ఎక్కువై బ్యాటరీ ఉడుకుతుంటే ఇదే కంపు కొడుతుంది. వాసన బానెట్ దగ్గర ఎక్కువగా ఉంటే మల్టీమీటర్ పెట్టి చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటుతోంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయినట్టు. బ్యాటరీ ఉబ్బినా, ముట్టుకోలేనంత వేడిగా ఉన్నా ఇంజిన్ ఆపేసి దూరం జరగండి. దాన్నుంచి వచ్చే వాయువుల్లో హైడ్రోజన్ కూడా ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కొన్ని కార్లలో బ్యాటరీ డిక్కీలోనో, సీటు కిందో ఉంటుంది, ఆ సంగతీ చూసుకోండి.

రెండోది రిచ్ మిశ్రమం, అంటే ఇంజిన్ అవసరానికి మించి పెట్రోలు తాగడం. మైలేజీ పడిపోవడం, సైలెన్సర్ మూతి లోపల నల్లటి పొడి మసి, ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు బరువుగా నడవడం దీని గుర్తులు. ఇది ఎందుకు జరుగుతుందో తేల్చడమే అసలు పని. ఖర్చు తక్కువ ఉన్న అనుమానం నుంచి ఎక్కువ ఉన్నదాని వైపు ఇలా పోవాలి.

ముందు థర్మోస్టాట్ సంగతి అడగండి. ఇంజిన్ సరైన వేడికి చేరేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్ ఇది. "మన ఎండలకు ఇదెందుకు సార్" అని ఎప్పుడో వేడెక్కిన గొడవలో దాన్ని పీకేసిన మెకానిక్‌లు మన దగ్గర తక్కువేం లేరు. అది లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇంజిన్ సరైన వేడికి చేరదు. కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. హైవే మీద ఉష్ణోగ్రత ముల్లు కిందికి దిగిపోయి, ట్రాఫిక్‌లో పైకి వస్తుంటే ఇదే కారణం కావచ్చు. పీకేసి ఉంటే తిరిగి పెట్టించండి. ఎండ ఎంతున్నా కారుకు థర్మోస్టాట్ కావాలి.

తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సర్. దీన్ని పట్టుకోవడానికి మంచి ఉపాయం ఒకటుంది. రాత్రంతా నిలిపిన కారులో పొద్దున స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఓబీడీ స్కానర్‌లో (కారు కంప్యూటర్ సమాచారం చదివే పరికరం, వివరం అడుగు 6లో) కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత రెండూ చూడండి. రెండూ బయటి వాతావరణంతో సమానంగా, కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 30 డిగ్రీలుంటే కూలెంట్ 5 డిగ్రీలు చూపిస్తోందా, సెన్సర్ అబద్ధం చెబుతున్నట్టే. క్యాట్‌కాన్‌తో పోలిస్తే దాని ధర ఏపాటిది!

మూడోది, ఎక్కువమంది ఊహించనిది: పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న సైలెన్సర్ జాయింట్‌లో చిన్న లీకు. పొగ బయటికి పోవడమే కాదు, ఒత్తిడి హెచ్చుతగ్గుల వల్ల బయటి గాలి లోపలికీ వస్తుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు చాలడం లేదని కబురు పెడుతుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది. సెన్సర్ మార్చినా ఫలితం ఉండదు. ప్యాకింగ్ మార్చాలి.

ఇవి కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారడం, ఇంధన పీడనం పెరగడం, గాలి కొలిచే సెన్సర్ మీద దుమ్ము పట్టడం. ఎయిర్ ఫిల్టర్ మీద మాత్రం అతిగా ఆశ పెట్టుకోవద్దు. కార్బ్యురేటర్ కాలంలో మూసుకుపోయిన ఫిల్టర్ నేరుగా రిచ్ మిశ్రమానికి దారి తీసేది. ఇప్పటి కార్లు వచ్చిన గాలిని కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు పోస్తాయి. ఫిల్టర్ మురికైతే మార్చండి, కానీ వాసన దానితో పోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

అడుగు 3: పచ్చి పెట్రోలు వాసన

ఇక్కడ మొదటి ప్రశ్న పొగలోంచి వస్తోందా, బండి ఒంట్లోంచి వస్తోందా అన్నది.

పెట్రోలు కొట్టించిన రోజే, వెనక చక్రం వైపు వాసన వస్తోందా? బంకులో గన్ ఆటోకట్ అయ్యాక కూడా చిల్లర లేకుండా సరిపెట్టడానికి ఇంకా ఇంకా నొక్కించుకునే అలవాటు ఉంటే దోషం అక్కడే. ట్యాంకులో ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటుంటుంది, క్యానిస్టర్ అంటారు. అందులోకి పోవాల్సింది ఆవిరి. ట్యాంకు మూతి దాకా నింపితే ద్రవమే పోయి బొగ్గు తడిసిపోతుంది. ఆ తర్వాత వాసన, స్టార్టింగ్ ఇబ్బంది, రిచ్ మిశ్రమం అన్నీ మొదలవుతాయి. మొదటి కట్ దగ్గరే ఆపమనండి. ట్యాంకు మూత రబ్బరు చీలిందేమో కూడా చూడండి. ఆ మూత ఒక్కటే మారిస్తే పోయే వాసనలున్నాయి.

బానెట్ కింద వస్తుంటే పెట్రోలు గొట్టాలు, వాటి క్లిప్పులు, ఇంజెక్టర్ల కింది ఓ-రింగులు చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతా వచ్చేశాక పాత కార్ల యజమానులు ఈ రబ్బరు భాగాల మీద మరింత కన్నేసి ఉంచాలి. 2023కు ముందు తయారైన కార్లలో చాలావాటి గొట్టాలు, సీళ్లు అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. గొట్టం వంచినప్పుడు బీటలు కనిపించినా, వేలితో నొక్కితే మెత్తగా జిగటగా తగిలినా మార్చేయండి. ఆ గొట్టాలను టేపు చుట్టి నెట్టుకురావడం ఆత్మహత్యతో సమానం.

పొగలోంచే పెట్రోలు వాసన వస్తోందంటే సాధారణంగా మిస్సింగ్. ఒక సిలిండర్‌లో మంట సరిగా అంటుకోక పెట్రోలు పచ్చిగా బయటికి వస్తోంది. ఇంజిన్ వణుకుతుంది, పికప్ పడిపోతుంది. డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే అది చివరి హెచ్చరిక. ఆ పచ్చి పెట్రోలు క్యాట్‌కాన్‌లోకి పోయి అక్కడ మండుతుంది, లోపలి సిరామిక్ కరిగి మూసుకుపోతుంది. లైటు అలా మినుకుతుంటే వేగం తగ్గించి, కుదిరిన మొదటి చోట ఆపేయండి. క్యాట్‌కాన్‌లు చచ్చేది చాలావరకు ఇక్కడే: వందల రూపాయల ప్లగ్గు మార్చకుండా వారాల తరబడి నడపడం వల్ల.

సరిచేసే పద్ధతి సులువే. స్కానర్‌లో దోషం కోడ్ పి0301 అని వస్తే మొదటి సిలిండర్, పి0302 అయితే రెండోది, అలా. ఇంజిన్ చల్లారాక ఆ సిలిండర్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ తీసి పక్కదానితో తారుమారు చేయండి. మళ్లీ నడిపినప్పుడు దోషం కాయిల్‌తోపాటు పక్క సిలిండర్‌కు మారిందా, కాయిలే పోయింది. మారలేదా, ప్లగ్గు తీసి చూడండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి నల్లటి మసి ఉంటే రిచ్ మిశ్రమం, నల్లగా జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ కాలుతోంది. ప్లగ్గు కూడా బాగుంటే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ప్లగ్గులు బిగించేటప్పుడు ముందు చేత్తోనే కొన్ని చుట్లు తిప్పండి. అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఖర్చు మరో స్థాయికి వెళ్తుంది.

మిస్సింగ్ చాలాకాలం ఉన్న కారులో ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పెట్రోలు వాసన వేస్తుంటే పలచబడిపోయినట్టు. దోషం సరిచేశాక ఆయిల్, ఫిల్టర్ మార్చక తప్పదు.

అడుగు 4: తియ్యటి వాసన

పాకం లాంటి తియ్యదనం తగిలితే అది కూలెంట్. అందులోని గ్లైకాల్ వాసన అది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రిజర్వాయర్ డబ్బాలో మట్టం చూసి గుర్తు పెట్టండి. వారం తర్వాత మళ్లీ చూడండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

మట్టం తగ్గుతూ, కింద మాత్రం చుక్క కనపడకపోతే రెండు దారులు. కారు లోపల కాళ్ల దగ్గర తడి, అద్దం లోపలి వైపు జిడ్డు పొర ఉంటే కారు లోపలికి వేడి గాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతోంది. సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ వస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ప్యాకింగ్ పోయినట్టు. రెండోది తేల్చడానికి బ్లాక్ టెస్టర్ అనే చిన్న పరికరం ఉంది. అందులోని నీలం ద్రవం ఇంజిన్ వాయువులు తగిలితే పసుపుకు తిరుగుతుంది. హెడ్ దించే ముందు ఈ పరీక్ష చేయమని పట్టుబట్టండి. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి తెల్లటి జిగురు ఉన్నా అనుమానించాలి, కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో తేమ వల్ల కూడా ఆ జిగురు వస్తుంది. డిప్‌స్టిక్ మీద కూడా ఉంటేనే భయపడాలి.

గాస్కెట్ పోయిందని తేలాక "కూలెంట్ పోస్తూ నడుపుదాం" అనే లెక్క పనికిరాదు. ఇంజిన్ ఒక్కసారి ఉడికితే హెడ్ వంకర పోతుంది.

అడుగు 5: మాడిన ఆయిల్, రబ్బరు, ప్లాస్టిక్

మాడిన ఆయిల్ వాసన బానెట్ దగ్గర వస్తూ పొగ రంగు మామూలుగానే ఉంటే, ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ కారి చుక్కలు వేడి మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టం) మీద పడుతున్నాయి. ప్యాకింగ్ మార్చితే చాలు, పెద్ద పనేం కాదు. సర్వీసింగ్ అయిన మర్నాడే వాసన వస్తే, ఆయిల్ పోసేటప్పుడు ఒలికిందే కాలుతూ ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

పొగ నీలంగా ఉంటే ఇంజినే ఆయిల్ తాగుతోంది. పొద్దున స్టార్ట్‌లో ఒక్క గుక్క నీలి పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి, కింద మళ్లీ తొక్కినప్పుడు వచ్చినా అవే. తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు. టర్బో ఉన్న కారైతే టర్బో సీళ్లనూ చూడాలి. ఇంజిన్ విప్పేముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే వాయువులను తిరిగి కాలడానికి పంపే చిన్న వాల్వ్) ఒక్కటి తీసి ఊపి చూడండి. ఊపితే టకటక కదలాలి. అది ఇరుక్కుపోయి ఆయిల్ తాగించే కేసులు చాలా ఉంటాయి, అది మాత్రం చవక. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాట్‌కాన్ పూతను మెల్లగా కప్పేస్తుంది, కాబట్టి దీన్నీ ఏళ్ల తరబడి నానబెట్టకండి.

ప్లాస్టిక్ కాలిన వాసన సగం సార్లు రోడ్డు మీది పాలిథిన్ కవర్ సైలెన్సర్‌కు అతుక్కోవడమే. చల్లారాక చెక్క పుల్లతో గీకేయండి. మిగతా సగంలో ఎలుకలు. ఇంజిన్ మీద గడ్డి, గుడ్డపీలికలు తెచ్చి గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. వైరు కాలిన వాసన, ఫ్యూజు పోవడం కలిసి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి మెకానిక్‌ను పిలవండి.

ఘాట్ ఎక్కుతుండగా మాడిన వాసన వస్తే క్లచ్, దిగుతుండగా వస్తే బ్రేకులు. ఇది పొగ సంగతే కాదు. తిరుమల, శ్రీశైలం దారుల్లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం, న్యూట్రల్‌లో దించడం మానితే రెండూ రావు.

అడుగు 6: పొల్యూషన్ చీటీ, స్కానర్

జేబులో ఉన్న పరీక్షా ఫలితాన్ని ఎవరూ చదవరు. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల్లో 200 భాగాలు దాటకూడదని నిబంధన. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే రిచ్ మిశ్రమం. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎగబాకితే మిస్సింగ్. అయితే గొట్టం సైలెన్సర్‌లో పెట్టి నిజంగా కొలిస్తేనే ఈ అంకెలకు విలువ. ఫొటో తీసి చీటీ చేతిలో పెట్టే చోట పని జరగదు. ఇంజిన్ బాగా వేడెక్కాక వెళ్లి, గొట్టం లోపల పెట్టి కొలవమని అడిగి తీసుకోండి.

రెండోది బ్లూటూత్ ఓబీడీ స్కానర్. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ఫోన్‌లో యాప్‌తో చదువుకోవచ్చు. అందులో మూడు చూడండి. కూలెంట్ వేడి 80 డిగ్రీలు దాటి నిలకడగా ఉందా? దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోంది లేదా తగ్గిస్తోంది అన్న అంకె ఎంత? అది మైనస్ 10 శాతం కన్నా కిందికి పోతుంటే కంప్యూటర్ ఎక్కువైన పెట్రోలును తగ్గించలేక తంటాలు పడుతోంది. మూడోది ఆక్సిజన్ సెన్సర్లు. క్యాట్‌కాన్‌కు ముందున్నది చాలా కార్లలో 0.1, 0.9 వోల్టుల మధ్య ఎగిరి పడుతూ ఉండాలి. తర్వాతిది 0.6, 0.7 దగ్గర దాదాపు కదలకుండా ఉండాలి. వెనకది కూడా ముందుదాని లాగే ఎగురుతుంటే క్యాట్‌కాన్ పని చేయడం లేదు.

పి0420 అనే కోడ్ చూసి వెంటనే క్యాట్‌కాన్ మార్చమనేవారున్నారు. ఆ కోడ్ చెప్పేది దాని పనితనం తగ్గిందని మాత్రమే. ఎందుకు తగ్గిందో చెప్పదు. దాంతోపాటు పి0172 (రిచ్ మిశ్రమం), పి0300 (మిస్సింగ్) లాంటివి ఉంటే ముందు వాటి సంగతి తేల్చాలి.

అడుగు 7: పొగ కారు లోపలికి వస్తుంటే

స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో బానెట్ వైపు టిక్‌టిక్ శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గుతుంటే మానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గర లీకు. లోహం వ్యాకోచించి సందు మూసుకోవడం వల్ల శబ్దం ఆగుతుంది. చల్లటి ఇంజిన్‌తోనే వెతకాలి. జాయింట్ల చుట్టూ నల్లటి మసి చారలు కనపడతాయి. కనపడకపోతే ఇంకో మనిషి మందంగా మడిచిన తడి గుడ్డను సైలెన్సర్ మూతికి కొన్ని క్షణాలు అడ్డం పెట్టాలి, మీరు సబ్బు నీళ్లు జాయింట్ల మీద చల్లాలి. బుడగలు వచ్చిన చోటే రంధ్రం. కారు కిందికి దూరాలంటే జాకీ ఒక్కటే నమ్ముకోవద్దు, స్టాండ్లు వేయండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో తుప్పు, మిగతా చోట్ల స్పీడ్ బ్రేకర్లకు రాసుకుని ఫ్లెక్సిబుల్ పైపు చిరగడం ఎక్కువ. చిన్న రంధ్రానికి సైలెన్సర్ షాపులో వెల్డింగ్ సరిపోతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి, లేకపోతే కంప్యూటర్ దెబ్బతినొచ్చు. ఫ్లెక్సిబుల్ పైపును మాత్రం వెల్డ్ చేయించకండి, మార్చండి. సైలెన్సర్ గట్టిగా ఉన్నా పొగ లోపలికి వస్తుంటే డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరు, వెనక లైట్ల వెనకున్న సీళ్లు, ఇంజిన్ వైపు గోడలో వైర్లు వచ్చే రబ్బరు బిరడాలు చూడండి. ప్రమాదంలో వెనక దెబ్బ తగిలి డెంటింగ్ అయిన కార్లలో ఇది తరచుగా దొరుకుతుంది.

డీజిల్, సీఎన్‌జీ కార్లకు

బీఎస్-6 డీజిల్‌లో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అప్పుడప్పుడు అది 600 డిగ్రీల దాకా వేడెక్కి మసిని కాల్చేసుకుంటుంది. ఆ సమయంలో ఘాటైన వేడి వాసన, ఫ్యాన్ ఆగకుండా తిరగడం మామూలే. మధ్యలో ఆపకుండా కాసేపు నిలకడ వేగంతో నడిపి ముగియనివ్వండి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి. ఊళ్లోనే తిరిగే కారుకు వారానికో పది రోజులకో హైవే తిప్పడం మంచిది. అమ్మోనియా ఘాటు వస్తుంటే యూరియా ద్రవం వాడే కార్లలో ఆ ద్రవం ట్యాంకు, గొట్టాలు చూడాలి.

సీఎన్‌జీలో కలిపే వాసన ద్రవ్యం వంటగ్యాస్ వాసన లాంటిదే, దాన్ని చాలామంది కోడిగుడ్డు వాసనగా పొరబడతారు. ఇంజిన్ ఆపి ఉన్నా డిక్కీ దగ్గర వస్తోందా? సిలిండర్ వాల్వ్ కట్టేయండి, తలుపులన్నీ తెరవండి, అధీకృత కిట్ సెంటర్‌కే చూపించండి. సిలిండర్ పరీక్ష గడువు మూడేళ్లకోసారి, ప్లేటు మీద తేదీ చూసుకోండి.

సరిచేశాక

కోడ్‌లు తుడిచేసి, వారం పాటు మామూలుగా నడిపి మళ్లీ స్కానర్ పెట్టండి. కోడ్ తుడిచిన రోజే "లైటు పోయింది" అని సంబరపడితే లాభం లేదు, కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేయడానికి కొన్ని రోజుల నడక కావాలి. ఒక అరగంట ఔటర్ రింగ్ రోడ్డు లాంటి దారి మీద నిలకడగా నడిపితే క్యాట్‌కాన్‌లో మిగిలిన గంధకం కాలిపోతుంది. ఈ కొద్ది రోజులు పాత వాసన అప్పుడప్పుడు తగలొచ్చు. తర్వాత పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించి పాత చీటీతో అంకెలు పోల్చండి.

మిశ్రమం, మిస్సింగ్, ఆయిల్ అన్నీ సరిగా ఉన్నాయని తేలాక కూడా వెనక సెన్సర్ ఎగురుతూ, వాసన వస్తూనే ఉంటే అప్పుడు క్యాట్‌కాన్ మార్చండి. మీ ఇంజిన్ మోడల్‌కూ, బీఎస్ ప్రమాణానికీ సరిపోయేదే తీసుకోండి. లోపలి సిరామిక్ పగలగొట్టి ఖాళీ డబ్బా బిగించే చవక బేరానికి ఒప్పుకోకండి, పొల్యూషన్ పరీక్ష పోతుంది, చట్టమూ ఒప్పుకోదు. పాతదాన్ని మాత్రం షెడ్డులో ఊరికే వదిలేసి రావద్దు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. తుక్కు వ్యాపారులు దాన్ని మంచి ధరకే కొంటారు. దాని విలువ బిల్లులో తగ్గించమని పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి.